మెసేజ్‌లు పోవు

జమ్మలమడుగు వెళ్ళాల్సి వస్తే ఇప్పటికీ ఏదో ఒక పని కల్పించుకుని ముందొచ్చిన బస్సు వదిలేస్తాను. తర్వాతి బస్సు ఎక్కుతాననుకోండి. ఆ ఊళ్ళో నాకు కానివాళ్ళెవరూ లేరు. ఒక ఇల్లు ఉంది, అంతే. ఆ ఇంటి ముందు నుంచి నడవాల్సి వస్తుందేమోనని నా భయం.

ప్రొద్దుటూరులో నాకొక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు ఉంది. ఆఫీసంటే టిఫిన్ సెంటరు మీద రెండు గదులు. పొద్దున పూట కారం దోసె వాసన మెట్లెక్కి పైకొస్తుంది. పెళ్ళయిన కొత్తలో కంప్యూటర్ సెంటరులో పాఠాలు చెప్పేదాన్ని. తర్వాత సొంతంగా దుకాణాలకు బిల్లుల ప్రోగ్రాములు, బడులకు హాజరు ప్రోగ్రాములు చేసిపెట్టడం మొదలుపెట్టాను. అలా పరిచయమైన వాళ్ళలో బట్టల బజారులో చీరల దుకాణం నడిపే అక్క ఒకరు. పెళ్ళి చీరలూ వాటి మీదకు మగ్గం వర్క్ జాకెట్లూ ఆమె ప్రత్యేకత. గుడ్డను కొయ్య చట్రానికి బిగించి, పూసలూ జరీ కుట్టే ఆ పనిని ఆమె దుకాణంలో చేయించదు. జమ్మలమడుగులో, పులివెందులలో, వేముల పక్క పల్లెల్లో ఇళ్ళల్లో ఉండే ఆడవాళ్ళకు పంపిస్తుంది. డిజైన్ల ఫోటోలన్నీ ఫోన్‌లోనే పోతాయి.

ఒకరోజు ఆమె మెట్లెక్కి వచ్చి, ఫ్యాను కింద కూర్చుని ఆయాసం తీర్చుకుంది.

"మ్మా, నేను ఒక డిజైన్ పంపిస్తే, ఆ జాకెట్టు నా దుకాణానికి వచ్చే లోపల ఎదురు దుకాణం బొమ్మకు తొడిగి పెడతాండారు. ఎవురు ఎవురికి పంపిస్తాండారో తెలీదు. మాకూ పనోళ్ళకూ మధ్యనే ఉండేట్ల ఏదన్నా చెయ్యి. బయటికి పోగూడదు."

అందరూ వాడే మెసేజ్ యాప్‌లో అది కుదరదు. అందుకని ఆమె దుకాణం కోసమే ఒక యాప్ చేశాను. అక్క చేర్చుకున్నవాళ్ళకే అది తెరుచుకుంటుంది. ఫోటోలు ఇంకొకరికి పంపడానికీ, ఫోన్‌లో దాచుకోవడానికీ వీల్లేదు. జాకెట్టు దుకాణానికి చేరాక ఆ పని గురించిన ఫోటోలూ మాటలూ వాటంతటవే మాయమైపోతాయి. ఈ మాయమయ్యే ఏర్పాటు నా ఆలోచనే. అక్క అడగలేదు. నేను గొప్పగా చెప్పుకుని ఇచ్చాను.

యాప్‌ను, ఫోన్లలోకి యాప్‌లు దింపుకునే స్టోర్‌లో పెట్టి, ఒక్కొక్క ఊరికీ పోయి ఆడవాళ్ళ ఫోన్లలో వేసి, ఎలా వాడాలో చూపించాను. అలా పోయినప్పుడే జమ్మలమడుగులో ఆ అమ్మాయిని చూశాను.

ఆమెకు పుట్టుకతోనే వినపడదు, మాట రాదు. ఇరవై దాటి కొన్నేళ్ళయి ఉంటుంది. వినపడని పిల్లల బడిలో పదో తరగతి దాకా చదివింది. ఇంట్లో తల్లి, అన్న. తండ్రి గొర్రెలు మేపేవాడు, పోయి చాలా ఏళ్ళయింది. అన్న ఆటో నడుపుతాడు, సెలవురోజుల్లో గండికోటకు వచ్చే టూరిస్టులను తిప్పుతాడు. నేను పోయేసరికి ఆమె చట్రం ముందు కూర్చుని నెమలి మెడకు నీలం పూసలు కుడుతోంది. నేనొచ్చింది అన్న చెబితే గాని తెలియలేదు. ఆయన ఆమె ముందు నేల మీద చేత్తో తట్టి, వేళ్ళతో ఏదో చెప్పాడు. ఆమె నవ్వి, నాకు పీట జరిపింది.

"చిన్నప్పట్నుంచి దాని నోరు నేనే మేడం," అన్నాడు అన్న. "దుకాణమామె ఫోన్ చేస్తే నేనే మాట్లాడి చెప్తా. నేను బాడుగ పోతే పని ఆగిపోతాది."

యాప్ ఎలా వాడాలో చూపించాను. ఆమె నా చేతిలోంచి ఫోన్ తీసుకుని టకటకా తెలుగులో టైపు చేసి అక్కకు పంపింది: "అక్కా, నేనే. ఇంక మీతో నేనే మాట్లాడతా." ఆ మెసేజ్ పోయిన గుర్తు కనిపించగానే అన్నకు చూపించింది. ఆయన చదివి తల ఊపాడు. సంతోషమే ఆ ముఖంలో. కొంచెం తెల్లబోవడం కూడా ఉందని ఇప్పుడు అనిపిస్తుంది.

తర్వాత అక్క ఎప్పుడు కలిసినా ఆ అమ్మాయి గురించే చెప్పేది. "అది రాసేది సూస్తే నవ్వొస్తాది మ్మా. నెమలికి కన్ను పెట్టద్దు, గుడ్డిదైనా పర్వాలేదు, ఈ కన్ను శానా కోపంగా ఉండాది అని రాసింది. అన్న మాట్లాడినన్ని దినాలు ఈ పిల్లకు ఇన్ని మాటలు ఉండాయని నాకు తెలీనే తెలీదు." పని మాటల్లోంచి ఇంటి మాటల్లోకి, ఇంటి మాటల్లోంచి మనసులో మాటల్లోకి వాళ్ళిద్దరూ పోయారు. మాయమైపోయే మాటలే కదా అన్న ధైర్యం ఆమెకు ఉండేది.

స్టోర్ మా యాప్‌ను తీసేసినరోజు నేను పులివెందులలో ఉన్నాను. ఒక చీనీకాయల మండీలో కంప్యూటర్ సరిచేస్తుండగా ఇంగ్లీషులో ఒక మెయిల్ వచ్చింది. మనుషులు ఒకరికొకరు మెసేజ్‌లు పంపుకునే యాప్ అయితే, తప్పుడు మెసేజ్ వస్తే ఫిర్యాదు చేసే వీలు ఉండాలట. ఫిర్యాదు వస్తే పరిశీలించడానికి మెసేజ్‌లు మిగిలి ఉండాలట. అన్నిటికీ మించి, ఒక్క దుకాణం మనుషులకే తెరుచుకునే యాప్ అందరికీ ఉన్న స్టోర్‌లో ఉండకూడదట, అలాంటివాటికి వేరే దారి ఉందట. ఆ దారి ఏమిటో చదివాను. ప్రతి ఫోనునూ దుకాణం అదుపులోకి తేవాలి. అవి దుకాణం ఇచ్చిన ఫోన్లు కావు. ఆ ఇళ్ళల్లో భర్తలూ పిల్లలూ అందరూ వాడుకునే ఫోన్లు. వాటిని నా చేతికో అక్క చేతికో ఎలా ఇమ్మంటాను?

ఇదంతా వివరంగా రాసి పంపాను. మీ సహనానికి ధన్యవాదాలు అంటూ మొదటి మెయిలే మళ్ళీ వచ్చింది. ఇంకోసారి రాశాను. అదే మళ్ళీ వచ్చింది. ఫోన్ చేసి మాట్లాడదామంటే నంబరు లేదు. కింద సంతకం పెట్టిన మనిషి లేడు.

అప్పటికే వేసుకున్న ఫోన్లలో యాప్ పనిచేస్తూనే ఉంది కాబట్టి నేను మరీ కంగారుపడలేదు. కొద్దిరోజుల్లో ఆ ఫోన్లలో ఎర్రటి హెచ్చరిక రావడం మొదలైంది. ఈ యాప్ మీ ఫోనుకు హాని చేయవచ్చు, తీసేయండి అని. తుమ్మలపల్లె గనిలో పనిచేసే ఒకాయన భార్య ముందుగా ఫోన్ చేసింది. "మేడం, మా ఆయన తీసెయ్యమంటాండాడు. బ్యాంకు దుడ్లు పోతాయంట కదా?" పులివెందుల నుంచి ఇంకొకరు, వేముల నుంచి ఇంకొకరు. అందరికీ ఓపిగ్గా చెప్పాను, భయం లేదు, కొన్నాళ్ళు ఆగండి, సరిచేస్తున్నాను అని.

జమ్మలమడుగు నుంచి ఫోన్ రాలేదు. ఎలా వస్తుంది? ఫోన్ చేయలేని మనిషి ఒకరున్నారని నాకు తోచడానికి చాలా రోజులు పట్టింది. ఆ అమ్మాయి జవాబు ఇవ్వడం లేదు, పని మానేసినట్టుంది, వేరేవాళ్ళకు ఇచ్చేశాను అని అక్క అన్నప్పుడు గాని నేను బయల్దేరలేదు.

ఇంటి ముందు ఆటో ఉంది. అన్న లోపల భోజనం చేస్తున్నాడు. చట్రానికి గుడ్డ లేదు. ఆమె నన్ను చూసి లేచి నిలబడింది. ఎప్పటిలా పీట జరపలేదు.

"ఫోన్ నేనే తీసుకున్యా మేడం," అన్నాడు అన్న, చేయి కడుక్కుని వచ్చి. "దాన్ని తయారుచేసినోళ్ళే చెప్తాండారు కదా ఇది మంచిది కాదని."

"దాన్ని తయారుచేసింది నేనప్పా. ఆ మాట చెప్పేది స్టోర్ వాళ్ళు."

"మీకంటే పెద్దోళ్ళే కదా?"

అవునన్నాను. ఏమనగలను?

"సరే, ఒకటి అడుగుతా. మా చెల్లెలు రాసినేటివి, దానికి వచ్చినేటివి యాల మాయమైతాండాయి? దాపెట్టాల్సిన పని ఏముండాది?"

డిజైన్ల సంగతి చెప్పాను. ఎదురు దుకాణం సంగతి చెప్పాను. ఆయన విన్నాడు. కోపిష్టి మనిషి కాదు. కానీ ఊళ్ళో ఎవరో ఆడపిల్ల ఫోటో పెట్టి బెదిరించి డబ్బులు గుంజిన కథలు ఆటో స్టాండులో రోజూ వింటాడు. తన చెల్లెలికి గొంతెత్తి అరవడం కూడా రాదు. ఆయన భయం నాకు అర్థమైంది. ఆ అమ్మాయి ఆయన్నీ నన్నూ మార్చి మార్చి చూస్తోంది. మా పెదవులు కదలడం తప్ప ఏమీ తెలియదు. తన గురించే అని మాత్రం తెలుసు. అన్న ఆమెకు వేళ్ళతో రెండు ముక్కలు చెప్పాడు. ఇంతసేపు మాట్లాడినదానికి ఆ రెండు ముక్కలేనా అని నాకు కూడా అనిపించింది.

"స్టోర్ వాళ్ళు బాగుందని మళ్ళీ పెడితే ఇస్తా మేడం," అన్నాడు నన్ను సాగనంపుతూ. "నా చేతులతో నేనే వేసిస్తా."

ప్రొద్దుటూరుకు వచ్చి వాళ్ళు చెప్పినట్టల్లా చేశాను. ఏ దుకాణమైనా చేరేలా మార్చాను. ఫిర్యాదు బటన్ పెట్టాను. మాయమయ్యే ఏర్పాటు తీసేశాను. అక్క మొదట గొణిగింది. "అయితే ఇంగ ఇది మనదేంది?" అంది. ఫోటోలు బయటికి పంపే వీలు ఇప్పటికీ లేదని చెబితే ఊరుకుంది. యాప్ మళ్ళీ స్టోర్‌లో కనిపించిన రోజు నేను కింది నుంచి దోసెలు తెప్పించి ఆఫీసులో అందరికీ పెట్టాను. మాట ఇచ్చినట్టే అన్న తన చేతులతో దాన్ని చెల్లెలి ఫోన్‌లో వేసిచ్చాడు, అక్క ఆమెకు మళ్ళీ పని పంపింది.

మార్పుల సంగతి తెలియజేస్తూ యాప్ తెరవగానే ఒక నోటీసు కనిపించేలా పెట్టాను. చదివి 'సరే' నొక్కాలి. ఎవరూ చదవరని, 'సరే' మాత్రం నొక్కుతారని నాకు తెలుసు. అందుకే ఆడవాళ్ళకు ఫోన్లు చేసి నోటితో కూడా చెప్పాను. జమ్మలమడుగు అమ్మాయికి ఫోన్ చేయలేను కాబట్టి మెసేజ్ పెట్టాను. "ఇకనుంచి మెసేజ్‌లు పోవు" అని రాశాను.

వెంటనే జవాబు వచ్చింది. "సరే మేడం. పోకపోతే మళ్ళీ పంపుతా."

అది చదివాను. చదివే బొటనవేలి బొమ్మ నొక్కాను. ఎదురుగా ఒక స్కూలు కరస్పాండెంటు కూర్చుని ఉన్నాడు, ఆయన ప్రోగ్రాము గురించి మాట్లాడుతున్నాను. నా మాట ఆమెకు ఇంకోలా అర్థమైందని ఆ జవాబులోనే ఉంది. పోవు అంటే చెరిగిపోవు అని నేననుకున్నాను. పోవు అంటే అవతలికి చేరవు అని ఆమె అనుకుంది. ఇంకొక్క వాక్యం రాసి ఉంటే సరిపోయేది.

కొన్నాళ్ళకు అన్న మా ఆఫీసుకు వచ్చాడు. ఆటో కింద పెట్టి, ఖాకీ చొక్కాతోనే మెట్లెక్కి వచ్చాడు. మంచినీళ్ళు ఇస్తే పక్కన పెట్టి, చెల్లెలి ఫోన్ నా బల్ల మీద ఉంచాడు.

"సదువు మేడం."

"ఆ అమ్మాయివి నేనెందుకు చదవాలప్పా?"

"నేను దొంగతనంగా సూడల్యా. రీచార్జి చేపిద్దామని తీసుకుంటి. తెరిచే ఉండాది. మీరు సదవండి."

చదివాను. పైకి జరిపితే, వారాల తరబడి అక్కకు రాసినవన్నీ వరసగా ఉన్నాయి. ప్రొద్దుటూరులో దుకాణం వెనక గదిలో ఉండి పని చేసుకుంటానని ఆమె అడిగింది. అన్నకు ఇప్పుడే చెప్పొద్దంది. బాధపడతాడని, సమయం చూసి తనే చెబుతానని రాసింది. ఎందుకు రావాలనుకుంటున్నావని అక్క అడిగిన చోట ఇలా ఉంది: "అన్న మంచివాడు. కానీ నా మాట సగమే చెప్తాడు. అందరి మాటా నాకు సగమే చెప్తాడు. నేను సగం మనిషిని కాదు అక్కా."

నేను ఫోన్ ఆయనవైపు జరిపాను. ఆయన తీసుకోలేదు.

"సగమే చెప్తానంట," అన్నాడు. ఫోన్ వైపే చూస్తూ, "నిజమే మేడం. నాయన పోయినప్పుడు డాక్టరు చెప్పింది సగమే చెప్పినా దానికి. పెండ్లి సంబంధాలోళ్ళు వచ్చి ఏవేవో అంటే, అది కూడా సగమే చెప్పినా. అంతా చెప్తే బాధపడతాదని. నేను మింగేసిన సగం యాడ పోయిందో అది అడగల్యా."

ఆయన ఏడవలేదు. గ్లాసు తీసుకుని నీళ్ళు తాగాడు.

"తప్పు నాదప్పా," అన్నాను. "ఇవి ముందులాగా చెరిగిపోతాయని ఆమె అనుకుంది. నేను సరిగ్గా చెప్పలేదు. స్టోర్ వాళ్ళ కోసం మార్చి, ఆమెకు అర్థమయ్యేట్టు చెప్పలేదు. లేకపోతే నువ్వు చూసేవాడివి కాదు."

"చెరిగిపోయింటే నాకు తెలిసేది కాదు," అన్నాడు ఆయన. "అది మేలంటారా?"

మేలు అంటే, ఆయన్ని మోసం చేయడమే మంచిదని ఆయనకే చెప్పినట్టు. కాదంటే, ఆ అమ్మాయి గుట్టు నేను బయటపెట్టింది మంచిదే అయినట్టు. ఆయన ఫోన్ జేబులో పెట్టుకుని, "దానితో ఏమీ అన్లే మేడం. మాట్లాడబుద్ధి కాల్యా, అంతే," అని దిగిపోయాడు. వాళ్ళకు మాట్లాడటమంటే చేతులు. ఆయన చేతులు ముడుచుకుంటే ఆ ఇంట్లో ఆమెతో మాట్లాడేవాళ్ళు లేరు. తల్లికి తిండికీ నీళ్ళకూ సరిపడా సైగలే వచ్చు.

మర్నాడు జమ్మలమడుగు పోయాను. ఆమె ఒక్కతే ఉంది, చట్రానికి ఎర్ర గుడ్డ బిగించి ఉంది. జరిగినదంతా నా ఫోన్‌లో టైపు చేసి చూపించాను, స్టోర్ నియమం సంగతీ, నేను మార్చిన సంగతీ, నా వాక్యంలో ఉన్న పొరపాటూ. ఆమె రెండుసార్లు చదివింది. తర్వాత తన ఫోన్ తీసి, నేను పంపిన ఆ పాత మెసేజ్ వెతికి పట్టుకుని నా ముందు పెట్టింది. కింద ఆమె జవాబు. దాని పక్కన నా బొటనవేలు.

ఆ కిందనే టైపు చేసింది: "మీరు చదివారు."

అవునని తల ఊపాను. కాదని అబద్ధం చెప్పొచ్చు, హడావిడిలో చూడలేదని అనొచ్చు. అనబుద్ధి కాలేదు. ఆమె సూది తీసుకుని పని మొదలుపెట్టింది. గుడ్డ కింద చేయీ గుడ్డ మీద చేయీ కదులుతుంటే, ఆ చేతులు ఇంకెవరితోనూ మాట్లాడటం లేదు కదా అనిపించింది. క్షమించమని టైపు చేశాను. చదివి, ఫోన్ నా వైపు తిప్పేసింది.

ఆ తర్వాత జరిగింది అక్క చెబితే తెలిసింది. చాలా రోజులు ఆ ఇంట్లో అన్నాచెల్లెళ్ళ మధ్య మాటల్లేవు. చివరికి ఒకరోజు అన్నే ఆమె చట్రం ఆటో మీద కట్టి, ఆమె పెట్టె వెనక పెట్టి, ప్రొద్దుటూరు తీసుకొచ్చాడు. దుకాణం వెనక గదిలో సామాను దించి, కిటికీ గడియ పడుతుందో లేదో చూసి, బల్బు మార్చాడట. అక్క కాఫీ తాగి పొమ్మంటే బాడుగ ఉందని వెళ్ళిపోయాడు. ఇప్పుడు సంతరోజున వచ్చి దుకాణం మెట్ల మీద కూర్చుంటాడు. ఆమె బయటికొచ్చి పక్కన కూర్చుంటుంది. ఇద్దరూ చేతులతో మాట్లాడుకోవడం నేను రోడ్డు అవతలి నుంచి చూశాను. దగ్గరికి పోలేదు.

ఆమె బాగానే ఉంది అంటుంది అక్క. పని బాగుంది, తోడుగా ఇంకో ఇద్దరు ఆడవాళ్ళున్నారు. "కానీ మ్మా, ఆ రాతలే లేవు ఇంగ," అంది ఒకసారి. "అందింది, అయింది, రేపు ఇస్తా. ఇంతే రాస్తాది. ఎదురుగానే ఉండాది, చేతులతో మాట్లాడతాది, కాదనను. కానీ నేను సైగలు నేర్చుకునేది ఎప్పటికి?"

ఈ మధ్య ఆ అమ్మాయి మా ఆఫీసుకు వచ్చింది, ఒక్కతే. కుర్చీ చూపిస్తే కూర్చుంది. పాత మెసేజ్‌లన్నీ తీసేయాలని టైపు చేసి చూపించింది. ఆమె ఎదుటే తీసేశాను. ఖాళీ తెరను వేలితో పైకీ కిందికీ జరిపి చూసుకుంది.

"మీ దగ్గర కూడా పోయాయా?" అని అడిగింది.

ఈసారి జాగ్రత్తగా, విడమరిచి టైపు చేశాను. నీ ఫోన్‌లోంచీ అక్క ఫోన్‌లోంచీ చెరిగిపోయాయి, నువ్వు గానీ మీ అన్న గానీ ఎవరూ చూడలేరు. నా దగ్గర ఒక కాపీ కొన్నాళ్ళు ఉంటుంది. ఎవరైనా ఫిర్యాదు చేస్తే చూపించాలని వాళ్ళ నియమం. గడువు అయ్యాక అది కూడా పోతుంది. నేను తెరిచి చూడను.

ఆమె చాలాసేపు చదివింది. తర్వాత రాసింది: "వాళ్ళు ఎవరు?"

నా దగ్గరున్న మెయిల్స్ అన్నీ తెరిచి ఆమెకు చూపించాను. ఎందులోనూ పేరు లేదు. నాకూ తెలియదని టైపు చేశాను. ఆమె నా ముఖం వైపు చూసింది, నమ్మిందో లేదో తెలియలేదు. సాయంత్రానికి ఒక పెళ్ళి జాకెట్టు ఇచ్చేది ఉందని రాసి చూపించి, చెప్పులు వేసుకుని మెట్లు దిగింది.